మేయరుగారి ఎడమ చెయ్యి

పొట్నూరి భానుమూర్తి ఒంట్లోంచి ఊరిని తీసేసిన రోజున ఆయన కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది. పక్కన కుర్చీలో కూచున్న హైమావతి భర్త కుడిచెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతివైపు చాలాసేపు చూశాడు.

"నీ చెయ్యి చల్లగా ఉంది హైమా," అన్నాడు చివరికి.

ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి చల్లగా ఉందో వెచ్చగా ఉందో ఆయనకు తెలిసింది లేదు. ఆయన కుడి అరచెయ్యి అంటే సాగరకొండ ఓడరేవు. ఆ చేతిలో ఆవిడ చెయ్యి పెట్టినా, రేవులో క్రేన్లు కదులుతున్న బరువే ఆయనకు తెలిసేది.

కిటికీ అవతల ఫైరింజను గంట కొట్టుకుంటూ పోయింది. అలవాటుకొద్దీ హైమావతి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కనుబొమ్మ కదల్లేదు. మంటలు ఎక్కడో ఆయనకు తెలియదు. ఊళ్ళో అందరిలాగే ఆయనా గంట విన్నాడు, అంతే.

తెల్లకోటు వేసుకున్న డాక్టర్ ఎస్తేరు మంచం దగ్గరికి వచ్చింది. ఆయన మెడ వెనక కుట్లు చూసి, "ఎలా ఉంది సార్?" అని అడిగింది. ఊరిని ఆయన ఒంటికి తెలిపే యంత్రాన్ని ఇరవై ఏళ్ళ కిందట ఆయన మెడలో పెట్టింది ఆవిడే, ఈ ఉదయం తీసిందీ ఆవిడే. అప్పుడు నల్లటి జడ. ఇప్పుడు సగం నెరిసింది.

"సామాను తీసీసిన గదిలో మాటాడితే మోగుతుంది చూడండి డాక్టరుగారూ, అలగుంది," అన్నాడు భానుమూర్తి.

"అంతా పోయినట్టేనా?"

ఆయన దుప్పటి కింద నుంచి ఎడమచెయ్యి బయటికి తీశాడు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ కొంచెం వంగి, ఉండి ఉండి ఉలిక్కిపడుతున్నాయి.

"ఈ రెండూ పోలేదు."

ఎస్తేరు హైమావతి వైపు చూసింది. హైమావతి కిటికీ వైపు తిరిగిపోయింది.

సాగరకొండ సముద్రానికీ కొండలకీ మధ్య ఇరుక్కుని పెరిగిన ఊరు. పడమట కొండల మీద కురిసిన నీరంతా గెడ్డల్లోంచి ఊరి మధ్యగా పారి సముద్రంలో కలవాలి. భానుమూర్తి అక్కడ ప్లీడరుగా పేరు తెచ్చుకుని, యాభయ్యో యేట మేయరయ్యాడు. మొదట్లో స్కూటరు మీద వార్డులు తిరిగేవాడు. రెండో ఏడాది వానల్లో గాజులవీధిలో మంచినీళ్ళ పైపులోకి మురుగు కలిసింది. ఆ సంగతి వీధిలోంచి వార్డు ఆఫీసుకూ, వార్డు ఆఫీసులోంచి ఇంజనీరు బల్ల మీదికీ, అక్కణ్ణుంచి మేయరు గదిలోకీ వచ్చేసరికి వీధిలో తొమ్మిదిమంది పిల్లలు పోయారు. ఆయన ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళాడు. తిరిగొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ రోజుల్లోనే ఎస్తేరు ఆయన్ని కలిసింది. షుగరు జబ్బు ముదిరి అరికాళ్ళకు స్పర్శ పోయినవాళ్ళ కోసం ఆవిడొక సాధనం తయారుచేసింది. చెప్పుల్లో చొక్కా గుండీలంత బిళ్ళలు, భుజం చర్మం కింద ఒక చిన్న పలక. కాలికి ముల్లు గుచ్చుకుంటే భుజం చురుక్కుమంటుంది. మనిషి కాలు తీసేస్తాడు, కాలు దక్కుతుంది.

"ఊరికీ అదే జబ్బు సార్. ఎక్కడ దెబ్బ తగిలినా పైకి తెలియడం లేదు," అంది ఎస్తేరు.

"ఐతే నాకు పెట్టీండి," అన్నాడు భానుమూర్తి.

ఒక్క ఏడాది చూద్దామనుకున్నారు. పైపుల్లో, కాలవల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో, వంతెనల కింద, పేదల కాలనీల్లో ఐతే ఒక్కో గడప కిందా బిళ్ళలు పెట్టారు. పలక ఆయన మెడలో పెట్టి, ఒక్కో పేటనూ ఆయన ఒంట్లో ఒక్కో చోటికి కలిపారు. నెల తిరక్కుండా ఆయన కాఫీ తాగుతూ తాగుతూ మోకాలు పట్టుకుని, ఫోనందుకుని, "పాతబస్టాండు వెనక మెయిన్ పైపు పగిలింది, చూడండి," అనడం మొదలుపెట్టాడు. మనుషులు వెళ్ళేసరికి నీరు అప్పుడప్పుడే పైకి ఉబుకుతూ ఉండేది. నిప్పంటుకున్న గోదాము గురించి వాచ్‌మన్ కంటే ముందు మేయరుకు తెలిసేది. ఊళ్ళో మురుగు కలిసిన నీళ్ళు తాగి మళ్ళీ ఒక్క పిల్లా చావలేదు. జనం ఆయన్ని అయిదుసార్లు గెలిపించారు. వేరే ఊళ్ళ మేయర్లు వచ్చి చూసిపోయేవారు గానీ, నాకూ పెట్టండని ఒక్కరూ అడగలేదు.

ఎందుకడగలేదో హైమావతికి తెలుసు. ఆవిడ హైస్కూల్లో భూగోళం చెప్పేది. తన భర్త ఒళ్ళే ఒక పటమైపోవడం ఆవిడ రోజూ ఇంట్లో చూసింది. వేణ్ణీళ్ళు కాలిమీద ఒలికితే ఆయన "కలపడిపోలో నిప్పు" అని పరిగెత్తేవాడు. కూతురు మాధురి పెళ్ళిలో కన్యాదానం చేస్తూ చేస్తూ వీపు పట్టుకుని పీటల మీద పక్కకు ఒరిగిపోయాడు. కొండవీధిలో ట్రాన్స్‌ఫార్మరు పేలింది. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసేముందు, అది ఊళ్ళో ఏ పేటో గుర్తు తెచ్చుకోవడం అలవాటు చేసుకుంది.

అన్నిటికంటే ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ ఎక్కువ బాధపెట్టేవి. ఆ రెండు వేళ్ళూ ఉప్పుగెడ్డ కాలనీ. సముద్రానికి ఆనుకుని, గెడ్డ మలుపులో, చేపలు ఎండబెట్టుకునేవాళ్ళకీ రేవు కూలీలకీ భానుమూర్తే తన మొదటి పదవీకాలంలో కట్టించిన ఇళ్ళు. సముద్రపుగాలికి తలుపులు లోపలికి విరిగి పడకుండా, బయటికి తెరుచుకునే ఇనపరేకు తలుపులు పెట్టించాడు. నేల మాత్రం పల్లం. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం గెడ్డలోకి ఎదురెక్కి, మురుగంతా ఇళ్ళలోకి తోసేది. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. రోజుకు రెండుసార్లు ఆయన వేళ్ళు కాగే నూనెలో పెట్టినట్టయ్యేవి.

అక్కడ పెద్ద పంపుల స్టేషను కట్టాలి. దానికి ఊరి ఆదాయం చాలదు. ఆయన ప్రతినెలా ఆ ఫైలు చంకన పెట్టుకుని రాజధానికి వెళ్ళేవాడు. మంత్రుల ముందు ఎడమచెయ్యి వణుకుతుంటే కుడిచేత్తో అదిమిపట్టి మాట్లాడేవాడు. ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు. మూడేళ్ళు అలా గడిచాయి. ఆయన సగమైపోయాడు. వరసగా రెండు గంటలు నిద్రపోవడం మానేశాడు. ఒకరోజు కత్తిపీట ముందు కూచుని ఆ రెండు వేళ్ళకేసి ఆయన చూస్తున్న చూపు హైమావతి చూసింది. కత్తిపీట తీసి అటక మీద పెట్టి, చీర కూడా మార్చుకోకుండా ఎస్తేరు ప్రయోగశాలకు వెళ్ళింది.

ఎస్తేరు బిళ్ళలు పరీక్షిస్తోంది. హైమావతి నిలబడే చెప్పింది.

"ఆ రెండు వేళ్ళలోకి వచ్చేది ఆపెయ్యమ్మా. ఊరంతా ఉంచు. ఆ రెండూ చాలు."

"ఆపకూడదు అమ్మగారూ. ఆయన సంతకం లేకుండా నేను ముట్టుకోకూడదు."

"ఆయన చెయ్యరు. చెయ్యరని నీకూ తెలుసు. కత్తిపీట చూసి వస్తున్నాను నేను."

ఎస్తేరు చేతిలో బిళ్ళ కింద పెట్టింది. ఆవిడకు ఆయన తండ్రితో సమానం. తను చేసిన సాధనం ఆయన్ని తినేస్తోందని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆపను. కొంచెం సన్నం చేస్తాను. తెలుస్తూ ఉంటుంది, కాని అంత ఉండదు. కొన్నాళ్ళు కోలుకున్నాక మళ్ళీ పెంచుదాం."

"ఆయనకు చెప్పకు."

"మీరే చెప్పండి, వీలు చూసి."

"చెప్తాను," అంది హైమావతి.

ఆ వారమే ఆయన మధ్యాహ్నం భోజనం చేసి సోఫాలో వాలి సాయంత్రం దాకా నిద్రపోయాడు. హైమావతి ఇంట్లో ఫ్యాన్లన్నీ వేసి, వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపించేసి, ఆయన గురక వింటూ కూచుంది. పెళ్ళయిన కొత్తల్లో కూడా ఆవిడకు అంత సంతోషం కలగలేదు. నెల తిరిగేసరికి ఆయన ముఖాన కండ పట్టింది. పార్వతీపురంలో ఉన్న మాధురి ఇంటికి వెళ్ళి మనవరాలికి ఈల వెయ్యడం నేర్పాడు. చాలా ఏళ్ళ తరవాత పాట ఎత్తుకున్నాడు.

పంపుల ఫైలు బల్ల మీంచి బీరువాలోకి వెళ్ళింది. దాన్ని ఎవరూ తొక్కిపట్టలేదు. ఎవరూ అడగలేదు, అంతే. ఉప్పుగెడ్డవాళ్ళు కూడా గొడవచెయ్యలేదు. మేయరుగారికి తెలుస్తుంది కదా అని ఊరుకున్నారు. వార్డు ఇన్‌స్పెక్టర్లు తిరగడం ఎప్పుడో మానేశారు. ఊళ్ళో అందరూ తమ తమ వీధులకేసి చూసుకోవడం మానేసి, ఒక్క మనిషి ముఖంకేసి చూడడం అలవాటు చేసుకున్నారు.

వీలు చూసి చెప్తానన్న హైమావతికి వీలు దొరకలేదు. రేపు చెబుదాం, ఈ పండగ కానీ, ఈ ఎన్నిక కానీ అనుకుంటూ ఉండగానే రెండేళ్ళు గడిచాయి.

తుఫాను కార్తీకమాసంలో వచ్చింది. పొద్దున్న మొదలైన గాలి మధ్యాహ్నానికి సెల్‌ఫోన్ల టవర్లను పడగొట్టింది. కార్పొరేషన్ ఆఫీసులో బల్ల మీద ఊరి పటం పరిచి, భానుమూర్తి దాని ముందు నిలబడ్డాడు. ఇంజనీర్లు, కమిషనరు, పోలీసులు చుట్టూ మూగారు. వయర్‌లెస్ సెట్లు కూడా సగం పనిచెయ్యడం లేదు. అయినా ఫరవాలేదనుకున్నారు.

"కొండవీధి. చరియ జారుతోంది, జనాన్ని తీసెయ్యండి." ఆయన కుడి అరచెయ్యి అదుముకున్నాడు. "రేవు రెండో గేటు. పాతబస్టాండు. ఆస్పత్రి వెనక గోడ పోతోంది, ఇప్పుడే, ఇప్పుడే." ఆయన నోటివెంట పేరు వచ్చిన చోటికల్లా లారీలు, పడవలు, తాళ్ళు వెళ్ళాయి. ఒకసారి ఆయన ఎడమచెయ్యి విదిలించాడు. టిఫిను పట్టుకొచ్చిన హైమావతి అది చూసింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు, తిమ్మిరి," అన్నాడు ఆయన. అని మళ్ళీ పటంలోకి వంగాడు.

ఆవిడ నోరు తెరిచింది. గదినిండా మనుషులు. ఆస్పత్రి గోడ గురించి ఎవరో అరుస్తున్నారు. ఉప్పుగెడ్డకు ఎవరినైనా పంపించండి అని చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది. ఎందుకని అడుగుతారేమోనని ఆవిడ ఆగింది. పక్కనున్న ఇంజనీరుతో, "ఉప్పుగెడ్డ ఎలా ఉందో," అంది మెల్లిగా. ఇంజనీరు నవ్వాడు. "అక్కడేమైనా అయితే సార్‌కి తెలీదా అమ్మగారూ?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నకు ఎండ కాసింది. ఊరంతా దక్కిందని రేడియోలో చెబుతున్నారు. భానుమూర్తి కాలినడకన బయల్దేరి ఉప్పుగెడ్డ మలుపు దగ్గర ఆగిపోయాడు. గెడ్డ ఒక్కసారిగా పొంగి, ఇళ్ళ ముందు బురద నడుములోతు మేట వేసింది. బయటికి తెరుచుకునే తలుపులు ఆ బురదకు అడ్డంపడి తెరుచుకోలేదు. గాలికి భయపడి లోపల గడియ వేసుకున్నవాళ్ళు, నీరు కప్పుదాకా ఎక్కుతుంటే లోపలే ఉండిపోయారు. కిటికీలకు ఊచలు. రేకు తలుపుల మీద లోపల్నుంచి చేతులతో, గిన్నెలతో, రోకళ్ళతో కొట్టిన సొట్టలు బయటికి పొడుచుకు వచ్చి కనిపిస్తున్నాయి. నలభైమందికి పైగా పోయారు.

పారతో బురద లాగుతున్న ఒక ఆడమనిషి ఆయన్ని చూసి లేచింది. పేరు పిల్లా నూకరత్నం. రేవు క్యాంటీన్లో వంట చేస్తుంది. తుఫాను రోజంతా అక్కడే చిక్కుకుపోయి, తల్లి కోసం తెల్లవారుతూనే పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ఏడవడం లేదు.

"మీకు తెలీనేదా బాబూ?" అని అడిగింది. "మీకు తెలుస్తాదనే కదా మేం ఊరుకున్నాం."

ఆయన ఆ బురదలోనే కూచుండిపోయాడు.

ఆ సాయంత్రమే ఆయన హైమావతిని వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వెళ్ళి, తన మెడలో ఏదో చెడిపోయింది చూడమన్నాడు. ఎస్తేరు హైమావతి ముఖం చూసింది. హైమావతి పెదవి విప్పలేదు. ఎస్తేరు ఆ రెండు వేళ్ళను మళ్ళీ మొదటిలా పెంచి, "సవరించాను సార్," అంది. తప్పంతా నాదేనని ఆయన జనం ముందు చెప్పి రాజీనామా ఇచ్చాడు. జనం ఒప్పుకోలేదు. ఒక్కచోట తప్పితే ఊరంతటినీ కాపాడాడు కదా అన్నారు. మళ్ళీ గెలిపించారు. ఆయన ఈసారి రాజధానిలో మంత్రి గది ముందు నేలమీద కూచుని పంపుల స్టేషను తెచ్చాడు. ఉప్పుగెడ్డ ఇళ్ళలోకి మళ్ళీ చుక్క నీరు రాలేదు. నూకరత్నం ఆ వార్డునుంచే కౌన్సిలరయింది. ఇప్పుడు, భానుమూర్తి ఇక చాలని తప్పుకున్నాక, ఆవిడే మేయరు.

పంపులు తిరుగుతున్నా, ఇళ్ళు పొడిగా ఉన్నా, పోటు వేళకు ఆయన రెండు వేళ్ళూ ఉలిక్కిపడుతూనే ఉండేవి. పలక తీసేస్తే పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు.

రెండు రోజుల పరీక్షల తరవాత ఎస్తేరు ఆయన మంచం పక్కన కూచుంది.

"మత్తిచ్చి ఆపరేషన్ చేసినప్పుడు మనిషికి నొప్పి తెలియదు సార్. కాని ఒంటికి చేరవలసింది చేరుతుంది. కొందరిలో అది తరవాత ఎప్పుడో బయటికి వస్తుంది. తుఫాను రోజున ఉప్పుగెడ్డ నుంచి వచ్చినదంతా మీ నరాల్లోకి వచ్చింది. మీకు వినిపించలేదు, అంతే. ఇప్పుడది వస్తోంది. కొంచెం కొంచెంగా."

"వినిపించలేదా? ఎందుకు?" అన్నాడు ఆయన.

ఎస్తేరు లేచి, "మళ్ళీ వస్తాను," అని వరండాలోకి నడిచింది. వెనకే వచ్చిన హైమావతితో గోడవైపు తిరిగి మాట్లాడింది.

"సోమవారం నూకరత్నం గారికి పలక పెట్టాలి. ఆవిడకు చెప్పకుండా నేను పెట్టలేను అమ్మగారూ. తుఫాను వచ్చి పదకొండేళ్ళయింది. మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నేను చెప్తాను," అంది హైమావతి. ఇదే మాట ఇదివరకొకసారి ఆవిడ అన్నదని ఇద్దరికీ గుర్తుంది.

ఆదివారం పదింటికి, ఇంటికి చేరిన భానుమూర్తిని చూడ్డానికి నూకరత్నం వచ్చింది. యాభై దాటిన మనిషి. నేత చీర, చేతిలో ఒక సంచి. సంచిలోంచి నెత్తళ్ళ ఎండుచేపల పొట్లం తీసి హైమావతికి ఇచ్చి, భానుమూర్తి ఎదురుగా కూచుంది.

"రేపే కదా బాబూ. ఎలగుంటాదో మీరు సెప్తే వినాలని వచ్చినాను. నొప్పిని ఎలగ ఓర్చుకున్నారు?"

"ఓర్చుకోలేదు నూకరత్నం. దాన్ని తప్పించుకోడానికే పనులన్నీ చేసీవాణ్ణి. అంతకంటే గొప్పేం లేదు."

"ఉప్పుగెడ్డని నా గుండెలో ఎట్టమంటాను డాక్టరమ్మని. అందరూ అక్కడికే సూడాలి."

హైమావతి కాఫీ గ్లాసులు బల్లమీద పెట్టింది. కూచోలేదు.

"నూకరత్నం, ఆ తుఫాను రోజున ఈయనకు తెలియకపోవడానికి కారణం నేను," అంది. గొంతు ఎక్కడా తడబడకుండా అంతా చెప్పింది. కత్తిపీట, ప్రయోగశాల, సన్నం చెయ్యడం, చెప్తానని చెప్పకపోవడం. పటం ముందు ఆయన చెయ్యి విదిలించినప్పుడు తను నోరు తెరిచి మూసుకోవడం కూడా చెప్పింది.

భానుమూర్తి భార్యకేసి చూడలేదు. తన ఎడమచేతికేసి చూసుకుంటూ మాట్లాడాడు.

"నొప్పి తగ్గిన రోజు నాకు బాగా గుర్తుంది. ఉప్పుగెడ్డలో ఏటీ మారలేదు. పంపులు రాలేదు, గెడ్డ తవ్వలేదు. నొప్పెందుకు తగ్గిందని నేనొక్కసారి అడగలేదు హైమా. అడిగితే మళ్ళీ వస్తుందేమోనని." ఆయన తలెత్తి భార్యను చూశాడు. "నువ్వు చేసింది నాకు తెలీదు. ఏదో జరిగిందని మాత్రం తెలుసు."

నూకరత్నం లేచింది. సంచి భుజాన వేసుకుంది. "మా యమ్మ," అని గుమ్మం వైపు నడిచింది.

అప్పుడే ఆయన చెయ్యి కుర్చీ చేతికి కొట్టుకుంది. రెండు వేళ్ళూ వంగి వంగి లేస్తున్నాయి. పోటు వేళ. నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది.

"ఏటది?"

"తలుపులు," అన్నాడు ఆయన. "గడపల కింద బిళ్ళలున్నాయి కదా. ఆ రోజు లోపల్నుంచి కొట్టినవన్నీ మొదట్లో ఒకేసారి కొట్టుకునీవి. ఏడాదికేడాదికీ ఒక్కోటీ ఆగిపోతా వచ్చాయి. ఆగిపోతే ఏటో నీకు చెప్పక్కర్లేదు."

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఒకటే."

"ఎవరిది?"

ఆవిడే వచ్చి ఆయన ముందు నేలమీద మోకాళ్ళ మీద కూచుని, ఆ రెండు వేళ్ళనూ తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కాసేపు ఆ దెబ్బల్ని తన అరచేతిలో పట్టుకుని చూసింది. రెండు గబగబా, ఆగి, ఒకటి బరువుగా. మళ్ళీ రెండు, ఒకటి.

"గరిటెతోటి కొడతంది," అంది నూకరత్నం. "మట్టిగాజులు పగిలిపోతాయని సేత్తో కొట్టదు. నేను సినప్పుడు తలుపేసుకుని సదువుకుంటే ఇలగే కొట్టీది, అన్నానికి రమ్మని."

హైమావతి గోడను ఆనుకుని నిలబడింది. బయట కూరగాయల బండివాడు కేక వేసుకుంటూ వెళ్ళాడు. దెబ్బల మధ్య ఎడం పెరిగింది. ఒక్కోసారి ఆగిపోయిందనిపించి మళ్ళీ వచ్చేది. నూకరత్నం వంగి, ఆ వేళ్ళకు దగ్గరగా నోరు పెట్టి, "వచ్చీసినానే అమ్మా, ఇక్కడే ఉన్నాను," అంటూ ఉంది. ఎప్పటికో వేళ్ళు చాచుకుని మెత్తగా ఆవిడ చేతిలో పడి ఉండిపోయాయి. చాలాసేపు చూసినా మరి కదల్లేదు.

ఆవిడ లేచి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకా పలక వద్దు," అంది. "నొప్పికి జడిసి కాదు. మా ఇంటాయన ఉన్నాడు, మా కోడలుంది. నేను ఏడుస్తుంటే సూడలేక వాళ్ళలోనే ఎవరో ఒకరు డాక్టరమ్మ కాడికి ఎల్తారు. ఊరిని ఒక్కళ్ళ ఒంట్లో ఎట్టకూడదు." హైమావతి వైపు తిరిగింది. "నాకు సెప్పినారు. అది సాలదు. ఉప్పుగెడ్డకొచ్చి సెప్పాలి."

"వస్తాను," అంది హైమావతి.

ఆ తరవాతి ఏడాది బిళ్ళల కబురు ఏ మనిషి మెడలోకీ వెళ్ళకుండా, ఏ వీధిది ఆ వీధిలోనే నలుగురికీ వినిపించేలా గంటలు పెట్టించింది కొత్త మేయరు. వార్డు ఇన్‌స్పెక్టర్లు మళ్ళీ తిరగడం మొదలుపెట్టారు. ఎస్తేరు ప్రయోగశాల ఉద్యోగం వదిలేసి, షుగరు రోగుల చెప్పుల పనిలోకి తిరిగి వెళ్ళింది. అవన్నీ తరవాతి సంగతులు.

హైమావతి మాత్రం ఆ ఆదివారం మర్నాడే ఉప్పుగెడ్డ వెళ్ళింది. భానుమూర్తి కూడా వస్తానని లేచాడు. ఆవిడ వద్దంది. పంపుల స్టేషను ముందు ఖాళీలో జనం చేరారు. కొందరు పనిలోంచి అలాగే, ఒంటిమీద చేప పొలుసులతో వచ్చారు. ఆవిడ పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది. సగంలో ఆ గొంతు పోయింది. మిగతాది ఎలా చెప్పిందో ఆవిడకే తెలియదు. చెప్పడం అయిపోయాక తిడతారని, కొడతారని నిలబడింది. పంపులు తిరుగుతున్న చప్పుడొక్కటే వినిపించింది.

ముందు వరసలో ఒక ముసలాయన ఉన్నాడు. పేరు గనగళ్ళ ఎర్రయ్య. ఆ రోజున ఆయన భార్య, ఇద్దరు మనవలు ఒకే తలుపు వెనక పోయారు. ఆయన కర్ర ఊతంగా పట్టుకుని లేచి, ఆవిడకు దగ్గరగా వచ్చాడు.

"ఒక మాట అడుగుతానమ్మా," అన్నాడు. "ఆ రెండేళ్ళూ ఆయన సుకంగా నిద్దరోయారా?"

హైమావతి ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పాలని అనిపించింది.

"పోయారు," అంది.

ముసలాయన తల ఊపాడు. ఇంకేదో అంటాడని ఆవిడ ఎదురుచూసింది. ఆయన కర్ర పొడుచుకుంటూ తన ఇంటివైపు నడిచాడు.